ఆరు టిక్కులు

ఇంకా గంట పడుతుంది. నీలం రంగు దిగాలంటే గంట, ఒక్కోసారి గంటంపావు, తొందరపడి చూస్తే అంతా నీలంగానే ఉంటుంది, ఏ గీతా కనబడదు. ఊగుడు బల్ల మీద గాజు తట్ట, తట్టలో రంగు దింపే ద్రవం, అందులో మూడు జెల్ ముక్కలు, రెండేసి వేళ్ల వెడల్పున్నవి, ఇటు ఒరిగి అటు ఒరిగి, వాటికేం తెలుసు పాపం. కిర్రు కిర్రుమంటోంది బల్ల. దీనికి నూనె పెట్టాలని ఎన్నాళ్లుగానో అంటున్నాను, పెట్టాల్సింది నేనే, మరి ఎవరితో అంటున్నట్టో. గడియారం నాలుగు చూపిస్తోంది. ఐదింటికి ఆఫీసు గుమాస్తా కాగితాల సంచి సర్దుకుని వెళ్లిపోతాడు. ఈలోపు నా సొరుగులో ఉన్న కాగితం మీద నేను సంతకం పెట్టాలి, లేదా పెట్టనని చెప్పాలి. సొరుగు మూసే ఉంది. మూసినా అందులో ఏముందో పొల్లుపోకుండా చెప్పగలను. పరిశోధక విద్యార్థిని పేరు తొలగింపు. కారణం: ప్రయోగాలు చేసే నేర్పు లేకపోవడం. కింద పెద్దాయన సంతకం. పెద్దాయన అంటే మా ల్యాబు అధిపతి, ఎదుట సార్ అంటాం, వెనక పెద్దాయన. ఆ సంతకం కింద ఇంకో గీత ఖాళీగా ఉంది, సీనియర్ శాస్త్రవేత్త ధ్రువీకరణ అని. ఆ సీనియర్ని నేనే. "లాంఛనమేనమ్మా, ఆ అమ్మాయి మానేసి ఏడాది దాటిపోయింది కదా, ఐదింటిలోగా పంపించేయండి" అని పొద్దున బల్ల మీద పెట్టి వెళ్లారు. ఆయన వెళ్లాక నేను దాన్ని చదవలేదు, చదివినట్టు కళ్లు తిప్పాను, తర్వాత సొరుగులో పెట్టి, సొరుగు మీద మోకాలు ఆనించి కూర్చున్నాను, అదేదో లేచి పారిపోతుందన్నట్టు.

ఆ విద్యార్థినిని మేమంతా పిచ్చుక అనేవాళ్లం. పేరు పెట్టింది నేనే. చిన్న మనిషి, కోడిగుడ్లు పొదిగే పెట్టె ముందు మునివేళ్ల మీద లేచి లేచి చూసేది, నడిస్తే గెంతుతున్నట్టుండేది. కోపం తెచ్చుకోకపోగా తన సీసాలన్నిటి మీదా పేరు రాయడానికి బదులు చిన్న పిట్ట బొమ్మ వేసుకోవడం మొదలుపెట్టింది, ఒక గీత, ఒక చుక్క, ముక్కు. ఆ పిట్ట సీసాలు ఇప్పటికీ చలిపెట్టెలో అడుగు అరలో ఉన్నాయి, మంచు పట్టి. ఎవరూ పారేయలేదు, నేనూ పారేయలేదు, పారేయాలని రెండుసార్లు తలుపు తీశాను. తీసి మూసేశాను. అలా మూసేయడం కూడా ఒక మంచితనమేనని నాకు నేను చెప్పుకున్న రోజులున్నాయి, ఎంత సిగ్గులేనితనమో. నాలుగూ ఐదు. నీలం ఏమీ తగ్గలేదు.

అమ్మ ఒకసారి అడిగింది, రోజంతా ఆ గదిలో ఏం చేస్తావే అని. రక్తనాళాలు పెరగకుండా ఆపేదాన్ని వెతుకుతున్నామమ్మా అన్నాను. పెరిగితే మంచిదే కదా అంది. గాయానికి మంచిదే, కొత్త నాళం వస్తేనే మానుతుంది, కణితికి వస్తే అది బలిసి కూర్చుంటుంది అన్నాను. మరి ఎక్కడ పెరగాలో దానికెవరు చెబుతారే అంది అమ్మ, కూరగాయలు తరుగుతూ. చదువుకోని మనిషి అడిగిన ఆ ఒక్క ప్రశ్న మీదే మేమందరం జీతాలు తీసుకుంటున్నాం. కత్తెరలున్నాయమ్మా అని చెప్పాను. కణాల చుట్టూ దట్టంగా అల్లిక ఉంటుంది, నాళం ముందుకు సాగాలంటే ఆ అల్లికను కోసుకుంటూ పోవాలి, అందుకని కణాలు కొన్ని ఎంజైములు వదులుతాయి, అవే కత్తెరలు. ఆ కత్తెరకు పదునెక్కడుందంటే లోపల పొదిగిన ఒక్క రవ్వ జింకులో ఉంది. ఆ రవ్వను లాగేస్తే కత్తెర ఉంటుంది గాని తెగదు. మళ్లీ ఆ కత్తెరలు ఇష్టమొచ్చినట్టు కోసేయకుండా పట్టుకుని ఆపేవాటిని కూడా ఒళ్లే తయారు చేసుకుంటుంది, వాటిని నిరోధకాలంటాం. కోసేవాళ్లు ఎక్కువైతే నాళాలు, ఆపేవాళ్లు ఎక్కువైతే ఉన్నవి ఉన్నట్టే. అమ్మ విని, "అంటే మన ఇంట్లో లాగే, మీ నాన్న ఖర్చు పెట్టేవాడు, నేను ఆపేదాన్ని" అంది. నవ్వాను. పిచ్చుకకి ఈ మాట చెబితే అది పొట్ట పట్టుకుని నవ్వింది, అక్కా ఇది మనం వ్యాసంలో రాయాలి అంది. అక్కా అనేది నన్ను. మేడమ్ అనమని ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

పెద్దాయన ఆలోచన మాత్రం గొప్పది, ఆ మాట కాదనకూడదు. చెవి దొప్పలో, ముక్కు కొసలో, మోకాలి చిప్ప కింద ఉండే మెత్తటి ఎముకలో రక్తనాళాలుండవు. ఎందుకుండవు? లోపల ఆపేది ఏదో ఉండాలి. దాన్ని బయటికి తీయాలి. మాంసం దుకాణం నుంచి మోకాలి ఎముకల చివర్లు తెచ్చేదాన్ని, దుకాణాయన ఇంట్లో ఇంతమందా అని అడిగేవాడు. తెచ్చి తరిగి నూరి నానబెట్టి సారం తీసేదాన్ని. తీసేటప్పుడు ఆ సారం చెడిపోకుండా ఒక తెల్లటి ఉప్పు కలపాలి, ఈడీటీఏ అంటాం, కనబడిన లోహాన్నల్లా పట్టేసుకుంటుంది. కాల్షియాన్ని పట్టేస్తుంది, జింకునీ పట్టేస్తుంది. సారాన్ని అది కాపాడుతుంది, నిజమే, కాని కాపాడాక దాన్ని వదిలించుకోవాలి. లేకపోతే కత్తెరని ఆపింది మన సారమో, ఈ ఉప్పో ఎవరికి తెలుస్తుంది. అందుకని సారాన్ని పల్చటి సంచిలో పోసి మూతి కట్టి బకెట్టు నీళ్లలో వేలాడదీస్తాం. మూడు రోజులు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి నీళ్లు మార్చాలి. మొత్తం ఆరుసార్లు. మార్చినప్పుడల్లా నోటు పుస్తకంలో ఒక టిక్కు పెట్టాలి. ఇందులో తెలివి అక్కర్లేదు, రావడం కావాలి, అంతే. మూడేళ్ల కిందట ఆ మూడు రోజులూ శుక్ర శని ఆదివారాలయ్యాయి. శుక్రవారం పొద్దున సంచి కట్టాను. సాయంత్రం నీళ్లు మార్చాను. శనివారం వాన. గొప్ప తుఫానేం కాదు, గొడుగు వేసుకుంటే సరిపోయే వాన. అమ్మకు జ్వరం, అని చెప్పుకోవాలనుంది, జ్వరం లేదు, ఇల్లంతా బాగానే ఉంది. నాకు రావాలనిపించలేదు. దుప్పటి కప్పుకుని పాత పత్రిక చదువుతూ పడుకున్నాను. ఆదివారం కూడా అంతే. సోమవారం పొద్దున సంచి తీసి, ఒక నిమిషం చూసి, పుస్తకం తెరిచి ఆరు టిక్కులూ పెట్టేశాను. ఇంతే జరిగింది. ఇన్నేళ్లు నేను దీన్ని తిప్పి తిప్పి చూశాను, ఎక్కడైనా కొంచెం పెద్ద కారణం దొరుకుతుందేమోనని. దొరకలేదు. బద్ధకం.

ఆ సారం పని చేసింది. పని చేయడమంటే మామూలుగా కాదు. కోడిగుడ్డు పెంకుకి చిన్న కిటికీ కోస్తాం, లోపల పిల్ల పెరుగుతుంటుంది, దాని మీది పొర నిండా ఎర్రటి నాళాలు, చెట్టు కొమ్మల్లా పాయలు పాయలుగా. ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది. ఆ పొర మీద మందు తడిపిన చిన్న కాగితపు బిళ్ల పెట్టి, కిటికీకి టేపు అంటించి, మూడు రోజుల తర్వాత తీసి చూస్తాం. తీశాను. బిళ్ల చుట్టూ తెల్లగా, ఖాళీగా, నాళాలు ఆ ఖాళీ అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. పెద్దాయన భూతద్దం మీద వంగి చాలాసేపు లేవలేదు. లేచేసరికి ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. ఆ తడి చూశాక నాకు సంచి సంగతి గుర్తు రాలేదా అంటే, వచ్చింది. లీలగా వచ్చింది. ఒకటి రెండు నీళ్లు తక్కువైతే ఏమవుతుందిలే అనుకున్నాను, ఐదింటిని ఒకటి రెండు అని నాకు నేనే చెప్పుకున్నాను. వ్యాసం అచ్చయింది. నా పేరు రెండోది. అమ్మ ఆ పేజీ ఫ్రేము కట్టించింది, ఒక్క ముక్క చదవలేని మనిషి, నా పేరు ఎక్కడుందో అడిగి అక్కడ వేలు పెట్టి చూసుకుంది.

నాలుగూ పాతిక. తట్టలో నీళ్లు నీలంగా మారాయి, పారబోసి కొత్తవి పోశాను. ఇక్కడ మాత్రం బాగా గుర్తుంటుంది నీళ్లు మార్చడం.

తర్వాతి ఏడాది పిచ్చుక వచ్చింది. అదే సారం మళ్లీ తీసి, ఆపేదేదో విడదీయడం దాని పని. తీసింది. పని చేయలేదు. మళ్లీ తీసింది. గుడ్డు తీసి చూస్తే బిళ్ల చుట్టూ నాళాలు హాయిగా అల్లుకుని, బిళ్లని ఎత్తుకుపోయేలా ఉన్నాయి. పద్నాలుగు సార్లు తీసింది. ఆదివారాలు వచ్చేది, పొద్దున్నే తల తుడుచుకోకుండా వచ్చి నీళ్లు మార్చి టిక్కు పెట్టేది. ఆరుకి ఆరు. కొన్నిసార్లు ఎందుకైనా మంచిదని ఎనిమిది. అది ఎంత శ్రద్ధగా కడిగితే సారం అంత చచ్చుబడిపోతోంది, అది చూస్తూ నేను టీ తాగుతున్నాను. ఎప్పుడు అర్థమైందో కచ్చితంగా చెప్పగలను, తొమ్మిదోసారి. అది బకెట్టు ముందు గొంతుక్కూర్చుని, "ఏం తప్పు చేస్తున్నానో అర్థం కావట్లేదక్కా, మీ పాత సారం కొంచెం మిగిలుంటే ఇవ్వరా, పక్కపక్కన పెట్టి చూస్తాను" అంది. మిగిలే ఉంది. చిన్న సీసాలో సగానికి తక్కువ. చూస్తానుండు అన్నాను. అది భోజనానికి వెళ్లాక సీసా తీసుకుని సింకు దగ్గరికి వెళ్లి కుళాయి తిప్పి పారబోశాను. ఖాళీ సీసా చెత్తబుట్టలో పడేశాను. అది వచ్చి అడిగితే, "అయిపోయిందే, ఆఖరి బొట్టు దాకా వాడేశాం" అన్నాను. నా గొంతు ఎంత మామూలుగా ఉందో. చెవులు మాత్రం కాలిపోయాయి. చిన్నప్పటి నుంచీ అంతే, నోరు అబద్ధమాడితే చెవులు నిజం చెప్పేస్తాయని అమ్మ అంటుంది. సిగ్గుపడటానికి కొత్త నాళాలేం పుట్టక్కర్లేదు, ఉన్నవే వెడల్పవుతాయి, చాలు. జుట్టు ముందుకు లాక్కున్నాను.

ఆ తర్వాత సమావేశం. పెద్దాయన చెడ్డవారు కారు, అడిగారు పాపం. "మీ చేతిలో వచ్చింది, ఆ అమ్మాయి చేతిలో పద్నాలుగుసార్లు రాలేదు. ఏమంటారమ్మా?" గదిలో ఆరుగురం. పిచ్చుక నా వైపే చూస్తోంది, భయంగా కాదు, అక్క ఉంది కదా అన్నట్టు. అప్పుడు ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను, "చేతి అలవాటు రావాలి సార్, కొందరికి ఆలస్యంగా వస్తుంది" అన్నాను. ఎంత మర్యాదగా, ఎంత దయగా. వెనకేసుకొచ్చినట్టే ఉంటుంది వినేవాళ్లకి. ఇంటికి వెళుతూ, చూశావా, నేను దాన్ని తిట్టలేదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను కూడా. పిచ్చుక ఇంకో రెండు నెలలు వచ్చింది. ఆ రెండు నెలలూ తన చేతులు చూసుకుంటూ ఉండేది. పిప్పెట్టు పట్టుకునే ముందు వేళ్లు చాచి చూసుకునేది, వణుకుతున్నాయేమోనని. వణకని చేతులు వణకడం నేర్చుకున్నాయి. ఒకరోజు రాలేదు. పిట్ట బొమ్మలు మిగిలాయి.

నాలుగూ నలభై. అంచుల్లో నీలం పల్చబడుతోంది. ఇంకా చూడకూడదు.

పోయిన వారం అమ్మకు చక్కెర పరీక్ష. ఇంటికి దగ్గరని వీధి చివరి రక్తపరీక్షల కేంద్రానికి తీసుకెళ్లాను. తెర పక్కకి జరిపితే పిచ్చుక. తెల్ల కోటు, చేతికి తొడుగులు, కొంచెం చిక్కింది. "రండక్కా" అంది, నిన్ననే కలిసినట్టు. నేను నమస్కారం పెట్టబోయి ఆగాను, ఎందుకు పెట్టబోయానో తెలియదు. అమ్మ చేతికి రబ్బరు పట్టీ కట్టి, వేలితో నరాన్ని రెండుసార్లు తట్టింది. అమ్మ నరాలు దొరకవు, ప్రతిసారీ మూడుచోట్ల పొడుస్తారు. ఇది ఒక్కసారికే. అమ్మ ఇంకా మొహం చిట్లించుకుని ఎదురుచూస్తోంది, "అయిపోయింది పెద్దమ్మా" అంది. ముందు ఎర్ర మూత గొట్టం నింపింది, తర్వాత ఊదా మూతది. ఇన్ని రంగులెందుకమ్మా అని అమ్మ అడిగింది. "ఊదా దాంట్లో రక్తం గడ్డకట్టకుండా ఒక ఉప్పుంటుంది పెద్దమ్మా. అది లోహాల్ని పట్టేసుకుంటుంది. ముందు దాన్ని తీస్తే ఒక బొట్టు రెండో గొట్టంలోకి పోయినా లెక్కలన్నీ తప్పొస్తాయి. అందుకే దాన్ని చివర తీస్తాం" అంది, గొట్టాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ. నా వైపు చూడలేదు. నేను గోడ మీద కళ్ల పరీక్ష అట్ట చదివాను, పై నుంచి కిందికి, కింది నుంచి పైకి. బయటికొచ్చాక అమ్మ దూది అదిమిపట్టుకుని, "ఏం చెయ్యే అది, గుచ్చినట్టే లేదు. మీ ల్యాబులో అలాంటి చెయ్యి ఒక్కరికుందా?" అంది. ఎండ బాగా ఉంది. గొడుగు తేలేదని అమ్మ విసుక్కుంది, నేను అవునమ్మా అన్నాను, ఏ మాటకి అవునన్నానో తెలియకుండా.

అందుకే ఈ మూడు ముక్కలు. నిన్న జెల్ని కోసి మూడు చేశాను, కలిసిపోకుండా మూలలు కత్తిరించి గుర్తు పెట్టాను. మూడిట్లోనూ అవే ఎంజైములు, అంతే మోతాదు. రాత్రంతా వెచ్చటి పెట్టెలో ఒక్కో దాన్ని ఒక్కో ద్రవంలో ఉంచాను. మొదటిది ఉత్త ద్రవంలో. రెండోది పిట్ట బొమ్మ సీసాలోని సారంలో, ఆరుసార్లు కడిగినది. మూడోదాంట్లో సారం లేదు, ఒకే ఒక్కసారి నీళ్లు మారిస్తే ఎంత ఉప్పు మిగులుతుందో లెక్కగట్టి ఆ ఉప్పొక్కటే. కత్తెరలు పని చేసినచోట జెల్లోని జెలటిన్ తెగిపోయి, నీలం పట్టకుండా తెల్ల గీత పడుతుంది. ఆపినచోట నీలం నీలంగానే ఉంటుంది. ఏం వస్తుందో నాకు తెలుసు. తెలిసినదానికి రుజువు అడగడం మా వృత్తిలో మర్యాద, కాని ఇవాళ నేను చేస్తున్నది వాయిదా, అది కూడా తెలుసు. గీతలు వేరేలా వస్తే? ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఆ అమ్మాయి చేతిలోనే తప్పుండాలని, ఇప్పటికీ, ఇంత తెలిసీ, ఆశ. ఆ ఆశని చూసుకున్నాక నా మీద నాకు మిగిలిన కాస్త గౌరవం కూడా పోయింది.

నాలుగూ యాభై. చేతులకు తొడుగులు వేసుకుని తట్టని దీపం పెట్టె మీద పెట్టాను. మొదటిదాంట్లో రెండు తెల్ల గీతలు, స్పష్టంగా. పిచ్చుక సారంలోని దాంట్లో రెండు తెల్ల గీతలు, అంతే స్పష్టంగా, వెంట్రుక వాసి తేడా లేదు. మూడోది నీలం. అంచు నుంచి అంచు దాకా నీలం, మా వ్యాసంలో అచ్చయిన జెల్ బొమ్మ ఉన్నట్టే. మేం కనిపెట్టింది నేను కడగని ఉప్పు.

ఫోను తీశాను. రక్తపరీక్షల కేంద్రం నంబరు పోయిన వారం అమ్మ రసీదు మీది నుంచి రాసుకున్నాను. రెండుసార్లు మోగాక ఎత్తింది.

"నేనమ్మా, అక్కని."

"చెప్పండక్కా. పెద్దమ్మ రిపోర్టు నిన్ననే ఇచ్చేశాం కదా."

"అది కాదు. ఆ రోజు నువ్వడిగిన పాత సారం అయిపోలేదు. ఉంది. నేనే పారబోశాను. సంచి నీళ్లు నేను..."

"తెలుసక్కా." వెనక ఎవరో దగ్గుతున్నారు, ఎవరో నంబరు పిలుస్తున్నారు. "సీసా చెత్తబుట్టలో దొరికింది. అడుగున ఒక బొట్టుంది, పరీక్ష చేసి చూశాను, ఉప్పు అలాగే ఉంది. తర్వాత మీ పుస్తకం కూడా చూశాను. ఆరు టిక్కులూ ఒకే ఊపులో ఉన్నాయి. నావి ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి, నిద్రమొహంతో పెట్టింది ఒకటి, ఆకలి మీద పెట్టింది ఒకటి."

"మరి సమావేశంలో ఎందుకు చెప్పలేదు?"

అవతల ఎవరినో కూర్చోమని చెప్పింది. "మీరు చెబుతారనుకున్నానక్కా."

నా చెవులు ఫోనుకి ఆనుకుని మండుతున్నాయి. ఆ రోజు ఆ గదిలో అది నా వైపు చూసిన చూపు నాకు ఇప్పుడు అర్థమైంది. అది సాయం అడుగుతున్న చూపు కాదు, అన్నీ తెలిసి నాకు అవకాశం ఇస్తున్న చూపు. నా పరువు నా చేతుల్లోనే పెట్టి ఆగింది. ఆ తర్వాత రెండు నెలలు కూడా ఆగింది, రోజూ వచ్చి, తన చేతులు తను చూసుకుంటూ.

"అందుకే ఇప్పుడు చెబుతున్నాను" అన్నాను. "క్షమించమని..."

"నాకెందుకక్కా, నాకు తెలిసిందే కదా" అంది, కోపం లేకుండా, గొట్టాల సంగతి చెప్పినంత మామూలుగా. "చెప్పాల్సింది నాకు కాదు. ఇక్కడ జనం ఉన్నారు, ఉంటాను." పెట్టేసింది.

నాలుగూ యాభై ఏడు. సొరుగు తీశాను. కాగితం మడత పడకుండా పట్టుకుని, రెండో చేత్తో గాజు తట్ట, చంకలో మూడేళ్ల కిందటి నోటు పుస్తకం. నడవాలో గుమాస్తా ఎదురొచ్చి, "మేడమ్, ఆ కాగితం ఇచ్చేస్తే నేను బయల్దేరతాను" అన్నాడు. "ఇది రాదు, మీరు వెళ్లండి" అన్నాను. పెద్దాయన తలుపు సగం తెరిచే ఉంది. కళ్లద్దాలు పైకి నెట్టి, "ఏమ్మా, సంతకం అయిందా?" అన్నారు.

జుట్టు చెవుల వెనక్కి తోసుకుందామంటే చేతులు ఖాళీ లేవు. తలతోనే వెనక్కి విదిలించాను.

"లేదు సార్. ఆ రోజు మీరు అడిగితే చేతి అలవాటు అన్నాను. ఆ అమ్మాయి చేతిలో ఏ లోపమూ లేదు. ఈ పుస్తకంలో ఆరు టిక్కులున్నాయి, చూడండి. నీళ్లు మార్చడానికి నేను వచ్చింది ఒక్కసారే."